ఉట్నూర్ బస్సులో యేర్

గోండుల నాగోబా జాతరకు పోవాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నా, ఈసారికి కుదిరింది. పుష్య అమావాస్య ముందురోజు కరీంనగర్‌లో బయలుదేరి, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూర్ చేరేసరికి చీకటి పడింది. లాడ్జిలో గదికి 1,800 అన్నాడు. మామూలు రోజుల్లో 700కే ఇస్తారట. ఆ చలిలో వేడినీళ్లు కూడా లేవు. కోపంతోనే పడుకున్నాను.

పొద్దున్నే ముట్నూర్ వైపు బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, కాలు పెట్టే సందు లేదు. ఎట్లాగో ఒక అవ్వ పక్కన సీటు దొరికింది. ఆమె మోకాళ్ల మధ్య పదేళ్ల మనవడు నిలబడ్డాడు. కాసేపటికి అవ్వ వాడి భుజం తట్టి "యేర్" అంది. ఏదో ఏరు దాటుతున్నామనుకుని నేను కిటికీలోంచి చూశాను. ఎండిన పత్తి చేలు తప్ప ఏమీ లేదు. ఈలోపు పిల్లవాడు సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చాడు.

గోండీలో యేర్ అంటే నీళ్లు. మన ఏరు, వాళ్ల యేర్ ఒక్క ఇంటి మాటలే. గోండీ, తెలుగు ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మవని ఎప్పుడో చదివాను, కానీ ఆ సీసా చూసేదాకా అది నాకు ఎక్కలేదు. "అవ్వా, మీ భాషలో అంకెలు చెప్పవా" అని అడిగాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది: ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సైయుంగ్, సారుంగ్, యేడుంగ్. రెండు, మూడు, నాలుగు, ఏడు నాకు నేరుగా వినిపించాయి. ఒళ్లు జలదరించింది. మా అమ్మమ్మ చెల్లెలు ఈ అడవిలో ఇన్నాళ్లూ ఉందని ఎవరూ చెప్పనట్టు అనిపించింది.

"నువ్వు చెప్పు బాబూ" అన్నాను పిల్లవాడితో. వాడు ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి. తల దించుకుని, "సమజైతది మేడం, మాట్లాడ" అన్నాడు. ఎందుకని అడిగితే, "హాస్టల్ల నవ్వుతరు." అవ్వ దారి పొడుగునా గోండీలోనే మాట్లాడింది, వాడు ప్రతిదానికీ తెలుగులోనే జవాబిచ్చాడు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు 'మా ఇంటి జంతువులు' అనే వ్యాసంలో బర్రె అని రాస్తే, టీచర్ ఎర్ర సిరాతో కొట్టేసి గేదె అని దిద్దింది. మా ఇంట్లో ఉన్నది బర్రె. పొద్దున పాలు పిండింది మా అమ్మ. మా మాట మోటు మాటని పాఠాలూ సినిమాలూ చెప్తుంటే ఎన్నేళ్లు కుమిలిపోయామో తెలంగాణలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ బాధ తెలిసిన మనమే ఈ పిల్లవాడి ముందు ఎర్ర సిరా పట్టుకుని నిలబడ్డామని ఆ బస్సులో అర్థమైంది. మన బర్రెకు గేదె అయినా తెలుగు మాటే. వాడికి మొత్తం భాషే పోతోంది. పైగా 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది. తెలుగే వాడికి రెండో మెట్టు, ఇప్పుడు దాని మీద ఇంకొకటి.

ఇది ఇట్లాగే జరగాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయి అనే గోండు ఊళ్లో ఉండి, 1943లో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చయ్యాయి. ఎనభై ఏళ్ల కింద అయిన పని మన కాలంలో కాదా? 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షల పైనే. సంతాలీ, బోడో 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌కు ఎక్కాయి, గోండీ ఇంకా బయటే ఉంది. ఆ భీం ఇంటిపేరు కూడా మన బోర్డుల మీద ఒకచోట కొమరం, ఇంకోచోట కుమురం. పేరును కూడా మన నోటికి తిరిగినట్టు మార్చుకున్నాం.

ఇంద్రవెల్లి దగ్గర స్తూపం కనిపించగానే అవ్వ చేతులు జోడించింది. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభ పెట్టుకున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. చచ్చిపోయింది 13 మందని సర్కారు లెక్క, ఇక్కడివాళ్ల లెక్క చాలా ఎక్కువ. ముందు భూమి పోయింది. భూమి కొన్నవాడితో, అప్పిచ్చినవాడితో, ఫారెస్టువాళ్లతో మాట్లాడాలంటే వాళ్ల భాష రావాలి. మాట అట్లా వెనక్కి జరుగుతూ వచ్చింది.

ముట్నూర్‌లో దిగి జాతర జరిగే కేస్లాపూర్‌కు ఆటో. నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో, మనిషికి 50. జాతర గురించి ఎంతో రాయాలి, రాయలేను. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు గోదావరి హస్తినమడుగు దాకా కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచి తెచ్చిన నీళ్లతో ఆ రాత్రి పూజ. ఒక మర్రి కింద గోండుల కథలు చెప్పే పర్ధాన్ తెగ ముసలాయన కిక్రీ వాయిస్తూ మెస్రం వాళ్ల కథ పాడుతున్నాడు. మూడు తీగల వాద్యం, మన సారంగిలా కమానుతో వాయిస్తారు. పర్ధాన్‌ల ఇంటి భాష మరాఠీ, కథ మాత్రం గోండీలో. ఆయన చుట్టూ ఏడెనిమిది మంది, అందరూ నెరిసిన తలలే. యాభై అడుగుల దూరంలో ఒక దుకాణం స్పీకర్‌లో తెలుగు డీజే పాట. ఆయన గొంతు పెంచాడు, దగ్గాడు, మళ్లీ పెంచాడు. నేను వెళ్లి సౌండ్ తగ్గించమన్నాను. తగ్గించారు, ఐదు నిమిషాలు.

మధ్యాహ్నం దాహమేసింది. ఎడ్లబండి నీడలో జొన్నరొట్టెలు చేస్తున్న ఒకామె దగ్గరికి వెళ్లి, ధైర్యం చేసి "యేర్" అన్నాను. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని చూసింది, నవ్వింది, చెంబు నిండా ఇచ్చింది. తాగుతుంటే గోండీలో ఏదో పొడుగ్గా అడిగింది. నాకున్నది ఆ ఒక్క మాటే. బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. ఆమె ఒక్క క్షణం ఆగి తెలుగులోకి మారింది.

"ఏ ఊరు అక్కా నీది?"

కరీంనగర్ అని చెప్పాను.