తిరువయ్యారుకు సంచి సర్దుకుంటూ

పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనకు విజయవాడ నుంచి ఇప్పటికి రెండుసార్లు వెళ్లి వచ్చాను. మొదటిసారి, అంటే 2024లో, మోయలేనంత సామాను పట్టుకుపోయి, అక్కడ నిజంగా కావలసిన మూడింటినీ ఇంటి దగ్గరే వదిలేశాను. ఒకటి చాప, రెండోది చెప్పులు పెట్టుకునే గుడ్డసంచి, మూడోది కంఠతా వచ్చిన కీర్తనల సాహిత్యం. మూడోది సంచిలో పట్టేది కాదు కాబట్టి దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ ప్రయాణానికి ముందు పంచాంగం చూసుకుని, ఆ తరువాతే రైలు చూసుకోవాలి. త్యాగరాజస్వామి సిద్ధి పొందినది 1847 జనవరి 6న అయినా ఆరాధన తిథిని బట్టే జరుగుతుంది కనుక తేదీ ఏటా మారుతూ ఉంటుంది. 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చిన పంచమి, 2026లో జనవరి 7కు జరిగింది. ఆ ఏడాది అధిక మాసం ఉండడం వల్ల 2027లో మళ్లీ నెలాఖరుకు వెళుతుంది. ఈ లెక్క మనవాళ్లకు ఎందుకు ముఖ్యమంటే, మధ్యలో సంక్రాంతి ఉంది. 2025లో పంచమి కనుమ వెళ్లిన మూడో రోజున పడింది. పండక్కి ఊళ్లకు వచ్చినవాళ్లంతా పిండివంటల డబ్బాలతో చెన్నైకి తిరుగుముఖం పట్టే రోజులవి. పైగా రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి రైల్వేవారు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. అందువల్ల నవంబరు మూడో వారంలో ఒక ఉదయం ఎనిమిది గంటలకు మా అబ్బాయి ఫోనూ నా ఫోనూ ఎదురుగా పెట్టుకుని, ముహూర్తం కోసం కాచుకున్నట్టు కూర్చుని టికెట్లు తీశాము.

మేము వెళ్లే దారి ఇది: తెల్లవారుజామున విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగి, ఆటోలో ఎగ్మోర్ చేరి, రాత్రి రైలులో తంజావూరు వెళ్లి, అక్కడి నుంచి సుమారు 13 కిలోమీటర్లు బస్సులో ప్రయాణించడం. అంటే సామాను కనీసం ఆరుసార్లు ఎత్తి దించాలి. మొదటి ఏడాది మా వదిన తన పట్టుచీరల కోసమని చక్రాల పెట్టె తెచ్చింది. ఆ చక్రాలు ప్లాట్‌ఫారం మీద తప్ప ఇంకెక్కడా తిరగలేదు. రెండోసారి మనిషికి ఒక భుజం సంచి, ఒక చేతిసంచి మించకూడదని నేను గట్టిగా చెప్పాను. జనం మధ్య గంటల తరబడి కింద కూర్చునేవారికి పట్టుచీర శిక్షే అవుతుంది గనుక, రెండు నూలు చీరలు సరిపోతాయి. శ్రుతిపెట్టె కూడా అక్కరలేదు, మన చేత శ్రుతి పట్టించడానికి అక్కడ కొన్ని వందల గొంతులుంటాయి.

బస గురించి ఒక్క మాట. ఫోనులో ఖాయం చేసుకున్న గదిని తంజావూరులోని ఒక లాడ్జివారు మేము వెళ్లేసరికి ఇంకొకరికి ఇచ్చేశారు. కొంత సొమ్ము ముందుగా చెల్లించి, రసీదు కాగితం మీద అచ్చు వేయించుకుని వెళ్లడం మంచిది.

ఇక చాప సంగతి. ఉత్సవం కావేరి ఒడ్డున, స్వామి సమాధి ముందు వేసిన పెద్ద పందిరిలో జరుగుతుంది. ముందు వరుసలు విద్వాంసులవి. మిగిలినవారు దొరికిన చోట నేల మీద సర్దుకోవాలి. పంచరత్న గోష్ఠి, అంటే స్వామివారి ఐదు పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడడం, ఉదయం తొమ్మిది ప్రాంతంలో మొదలవుతుంది కానీ, చోటు కావాలంటే చీకటితోనే చేరుకోవాలి. ఆ వేళ ఏటి గాలికి నేల చల్లగా ఉండి మోకాళ్లు పట్టేస్తాయి, పదయ్యేసరికి అదే పందిరిలో ఉక్కపోస్తుంది. అందుకే శాలువ కప్పుకుని వెళ్లి, తరువాత దానినే నాలుగు మడతలు వేసి చాప మీద పరుచుకుంటాను. డెబ్భై దాటిన మా పక్కింటి పిన్నిగారు మొదటిసారి మడత కుర్చీ తెచ్చుకున్నారు. వెనకాలవాళ్లు ఒప్పుకోకపోవడంతో అది చెప్పుల దగ్గర మిగిలింది. రెండోసారి ఆవిడను పందిరి గుంజకు చేరగిలబెట్టి కూర్చోబెట్టాము. గుంజ దొరకాలన్నా చీకటితోనే వెళ్లాలి.

నాకు చోటు ఎక్కడ దొరికినా ఒకసారి లేచి వెళ్లి బెంగళూరు నాగరత్నమ్మ విగ్రహాన్ని చూసి వస్తాను. పాడుబడి ఉన్న సమాధి స్థలంలో తన సొమ్ముతో 1920లలో గుడి కట్టించిన ఆమెకే, ఆ సన్నిధిలో పాడడానికి స్త్రీ అన్న కారణంగా చాలాకాలం చోటు లేకపోయింది. ఊరుకోకుండా ఆడవారితోనే వేరుగా ఆరాధన జరిపించింది. ఇప్పుడు ఆమె విగ్రహం స్వామి సమాధికి ఎదురుగా, చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. ఆడవాళ్లం ఆ వరుసల్లో చాప పరుచుకుంటున్నామంటే ఆ చోటు ఆవిడ సంపాదించి పెట్టినదే.

సాహిత్యానికి మాత్రం మూడు నెలల ముందు నుంచీ కూర్చోవాలి. ఐదు పంచరత్నాలలో నాటరాగంలోని జగదానందకారక ఒక్కటే సంస్కృతం, తక్కిన నాలుగూ మన తెలుగే కదా అని ధీమాగా వెళ్లి, మొదటి ఏడాది గౌళలోని దుడుకుగలలో మూడో చరణం దగ్గరే దారి తప్పాను. పుస్తకం చూసి పాడవచ్చు గానీ, కళ్లు పుస్తకంలో ఉంటే గుంపు ముందుకు వెళ్లిపోతుంది. ఆరభిలోని సాధించెనే కొంత నయం. ప్రతి చరణం తరువాతా ‘సమయానికి తగు మాటలాడెనే’ అని తిరిగి వస్తుంది కనుక, తప్పిపోయినవారు అక్కడ మళ్లీ కలుసుకోవచ్చు. వరాళి రాగాన్ని గురువు నేరుగా శిష్యులకు చెప్పకూడదన్న నమ్మకం మా గురువుగారికి ఉంది. ఆ రాగంలోని కనకనరుచిరా కీర్తనను ఆయన తనలో తాను పాడుకుంటున్నట్టు పాడితే మేము పక్కగదిలో కూర్చుని పట్టుకున్నాము. మరొక చిక్కు పాఠాంతరానిది. సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికీ, వారి నుంచి బాలమురళీకృష్ణగారికీ దిగివచ్చిన బాణీ మీద మా విజయవాడవాళ్లకు అభిమానం ఎక్కువ. అయితే మేము నేర్చుకున్న పాఠంలో కొన్ని సంగతులు, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు, గోష్ఠిలో పాడేవాటితో కలవవు. అక్కడ మన పాండిత్యం చూపితే పక్కవారికి ఇబ్బంది తప్ప ఇంకేమీ జరగదు. ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసారం చేసిన గోష్ఠిని ముందుగానే విని, నడకను దానికి తగ్గట్టు సరిచేసుకోవడం మేలు.

రెండో ఏడాది నా పక్కన కూర్చున్న తమిళావిడ పుస్తకం చూసి ఆశ్చర్యపోయాను. తమిళ లిపిలో త, థ, ద, ధలకు ఒకే అక్షరం కావడంతో, దాని పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసి ఉన్నాయి. ‘దుడుకు’ అనే మాట మీద వేలు పెట్టి, అర్థం ఏమిటని సైగ చేసింది. నేను మా మనవడిని తలుచుకుని, చేతులతో అల్లరి అభినయించాను. ఆవిడ నవ్వి, పెన్సిలుతో పక్కన ఏదో రాసుకుంది.

తిండికి పెద్దగా ఆలోచించనక్కరలేదు. రైలుకు పులిహోర, కారప్పొడి చల్లిన ఇడ్లీలు, గొంతుకు మిరియాలు, పటికబెల్లం, ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంటే చాలు. సాయంత్రం కచేరీలకు ఉండేవారు దోమల మందు రాసుకోవాలి. పందిరి బయట గుట్టలుగా పడి ఉండే చెప్పుల్లో మన జత దొరకడం దైవాధీనం. మొదటి ఏడాది నేను ఎడమకాలి రెండు చెప్పులతో బస్సెక్కాను.

శ్రీరాగంలో ఎందరో మహానుభావులు ముగిసి జనం లేస్తున్నప్పుడు, ఆ తమిళావిడ నా చాప అంచు తడిమి, ఎక్కడ కొన్నారన్నట్టు చేయి తిప్పింది. మడిచి ఆవిడ చేతిలో పెట్టేశాను. వచ్చేసారి బయలుదేరేలోగా కాళేశ్వరరావు మార్కెట్టుకు వెళ్లి మరొకటి కొనాలి, పిన్నిగారికి కూడా కలిపి రెండు.