సీతాకోకకు నెంబరేశాను

సీతాకోకచిలుకల రెక్కల మీద గుర్తులు పెట్టి, అవి ఒకచోట ఎన్నాళ్లు ఆగుతాయో, ఎంత దూరం పోతాయో కనిపెట్టే పని ఇది. మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ముందు చెప్పాల్సింది అనుమతి సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాల్లో కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయి. అందుకని అటవీశాఖకి అర్జీ పెట్టి, కాగితం చేతికొచ్చాకే రామతీర్థం కొండ పక్క పొలాల్లోకి దిగాను.

వానలు తగ్గాక అక్కడ బ్లూ టైగర్ అనే సీతాకోకచిలుకలు కనిపిస్తాయి. ముదురు రెక్కల మీద లేత నీలం మచ్చలు. వాటి వెంట వల పట్టుకుని పరిగెత్తడం దండగ. గిలిగిచ్చ మొక్కలు ఎండుతున్న చోట కూర్చుంటే అవే వస్తాయి. వచ్చేవి ఎక్కువగా మగవి. ఎండిన కాడని కాళ్లతో గీకి రసం పీలుస్తాయి. ఆడదాన్ని ఆకట్టుకునే వాసన తయారీకి అందులోని ఆల్కలాయిడ్లనే రసాయనాలు కావాలి మరి. ఆ ధ్యాసలో ఉన్నదాన్ని ఒక్కోసారి చేత్తోనే పట్టేయొచ్చు.

నాలుగు రెక్కలూ పైకి మడిచి, ఒంటికి దగ్గరగా రెండు వేళ్లతో పట్టుకోవాలి. నలపకూడదు. అంకె రాసేంత చోటు ఉండదు కాబట్టి సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో లేత మచ్చల మీద చుక్కలు పెడతాం. రెక్క అడుగున నాలుగు చోట్లు, వాటి విలువలు 1, 2, 4, 7. 1, 4 చోట్ల చుక్కలుంటే ఐదు, 2, 7 చోట్ల ఉంటే తొమ్మిది. పదుల లెక్క రెండో రెక్క మీద. సిరా ఆరాక పువ్వు మీద వదిలి, ఆడో మగో, టైము, గాలి ఎటు వీస్తోందో పుస్తకంలో రాసుకోవాలి.

"ఏటి బాబూ, దానికి ఆధార్ కార్డు ఇస్తన్నావేటి?" అన్నాడు గట్టు మీంచి పొలం మావయ్య.

చుక్కలు పెట్టినవాటిలో కొన్ని మర్నాడు అదే పొలంలో దొరికాయి. అవి ఎన్నాళ్లు ఆగుతున్నాయో అలా తెలుస్తుంది. దూరం నుంచి మాత్రం కబురు లేదు. నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు. కెనడాలోని టొరంటోలో ఉర్క్‌హార్ట్ దంపతులు మోనార్క్ అనే వలస సీతాకోకచిలుకలకు చీటీలు అంటించడం మొదలుపెట్టిన దశాబ్దాలకి, 1976 జనవరిలో, అమెరికాలోని మిన్నెసోటాలో చీటీ అంటించిన మోనార్క్ మెక్సికో కొండల్లో దొరికింది. అంటించడానికీ వెతకడానికీ వాళ్ల వెనక ఎంతోమంది వాలంటీర్లున్నారు.

మనకి కొరత అదే. అందుకే ఇప్పుడు మార్కర్ కంటే ఫోన్‌కే ఎక్కువ పని. చుక్కల ఫోటో సాలూరు, అరకు వైపు తెలిసిన టీచర్లకి పంపించి, ఇలాంటిది కనబడితే పట్టుకోకుండా ఫోటో తీయమన్నాను. పొలం మావయ్య కూడా పంపుతున్నాడు, సగం చుక్కల్లేనివే.