గేటు నుంచి బెంచీ దాకా: క్యాంపస్‌లో అడ్డంకులు కొలిచిన తీరు

వైకల్యం ఉన్న విద్యార్థులకు క్యాంపస్‌లో ఎక్కడెక్కడ దారి ఆగిపోతోందో లెక్క తీయడం మా బృందం పని. భవనాల జాబితా పెట్టుకుని టిక్కులు కొట్టే పద్ధతితోనే మొదలుపెట్టాం, త్వరగానే మానేశాం. ర్యాంపు ఉంటే భవనానికి టిక్కు పడుతుంది. ఆ ర్యాంపు దాకా చక్రాల కుర్చీ వచ్చే బాట ఉందో లేదో ఆ టిక్కు చెప్పదు. అందుకే భవనాలను వదిలి దారులను కొలిచాం: గేటు, కాలిబాట, గుమ్మం, లిఫ్టు, తరగతిలో కూర్చునే చోటు, టాయిలెట్. వీటిలో ఒక్కచోట తెగినా ఆ విద్యార్థికి మిగతావన్నీ లేనట్టే.

కొలిచేది మేమే అయినా దారి చూపింది రోజూ ఆ దారుల్లో తిరిగే విద్యార్థులు. వాళ్ల సమయానికి డబ్బు చెల్లించాలని ముందే బడ్జెట్‌లో రాసుకున్నాం. కళ్లకు గంతలు కట్టుకుని నడిచి చూద్దామన్న సలహా వచ్చింది, వద్దన్నాం. అలా నడిస్తే భయం తెలుస్తుంది. ఏళ్లుగా కర్రతో నడిచేవారికి ఏది అడ్డమో మాత్రం తెలియదు.

ఎక్కువ తప్పులు దొరికింది ర్యాంపుల్లోనే. వాలు 1:12 మించకూడదు. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 1.8 మీటర్లు, మూడు మెట్ల ఎత్తుకు 5.4 మీటర్ల పొడవు కావాలి. చోటు లేదని దాన్నే రెండు మీటర్లలో ముగిస్తే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి ఒరుగుతుంది, దిగేటప్పుడు చేతులకు ఆగదు. ఫోన్‌లో వాలు చూపే యాప్ 4.8 డిగ్రీలు దాటితే ర్యాంపు పనికిరానట్టే లెక్క. పైన తలుపు ముందు 1.5 మీటర్ల చదును కూడా ఉండాలి. అది లేకపోతే ఒక చేత్తో తలుపు లాగుతుంటే కుర్చీ వెనక్కి జారుతుంది.

తలుపు వెడల్పును చాలామంది చట్రం నుంచి చట్రానికి కొలుస్తారు. అది తప్పు. తలుపును 90 డిగ్రీలు తెరిచి, దాని ముఖం నుంచి ఎదుటి చట్రం దాకా కొలవాలి. అక్కడ 90 సెంటీమీటర్లు ఉంటే ఇబ్బంది లేదు.

టాయిలెట్లలో కొలతల కంటే వాడకమే పెద్ద సమస్య. తాళం వేసి ఉంటాయి, లేదా చీపుర్లు, బకెట్లు పెట్టుకునే గది అయిపోతాయి. తుడిచేటప్పుడు అడ్డం వస్తోందని, లాగితే సాయం కోసం గంట మోగే అత్యవసర తాడును పైకి ముడి వేస్తారు. కిందపడిన మనిషికి అందాల్సిన తాడు అది! తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడినవారే తలుపుకు అడ్డం అవుతారు, సాయానికి వచ్చినవారు లోపలికి రాలేరు.

పాఠాలనూ ఇలాగే పరీక్షించాం. పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచుకుని చూడండి. అక్షరాలు విడిగా ఎంచుకోబడకపోతే అది ఫొటో మాత్రమే, తెరపై అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాల స్లయిడ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోయాయి. వీడియోలకు యంత్రం పెట్టిన క్యాప్షన్లలో శాస్త్ర పదాలే ముందు చెడతాయి, వాటిని మనిషి దిద్దాల్సిందే.

విద్యార్థుల నుంచి తీసుకున్న అభిప్రాయ సేకరణ ఫలితాల పట్టికల్లో అయిదుగురి కంటే తక్కువమంది ఉన్న ఏ వరుసనూ అచ్చు వేయలేదు. విభాగం, సంవత్సరం, వైకల్యం పక్కపక్కన పెడితే పేరు రాయకపోయినా మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఒకసారి అలా జరిగిందంటే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

నివేదికలో ప్రతి లోపానికీ ఫొటో, కొలత, బాధ్యుడు, గడువు రాశాం. డబ్బు అక్కర్లేనివి మొదట పెట్టాం: తాళాలు తీయడం, అంధుల బాటలో నిలిపిన బైకులు తీయించడం, పై అంతస్తు తరగతిని కింది గదికి మార్చడం. లిఫ్టు కోసం ఏళ్లు ఎదురుచూసే చోట టైంటేబుల్ మార్పుతో ఆ విద్యార్థి రేపే తరగతిలో ఉంటాడు.

కొత్త ర్యాంపుల బిల్లు చెల్లించేముందే అవే టేపులతో, అదే విద్యార్థులతో మళ్లీ కొలవాలని షరతు పెట్టాం. చివర్లో వేసే టైల్స్ మందం వల్ల గుమ్మం దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల గట్టు లేస్తుంది. డ్రాయింగులో అది కనిపించదు.