ఆడ మగ వరిలో గింజ ఎలా పడుతుంది

తెలంగాణలోని హుజూరాబాద్, జమ్మికుంట, కమలాపూర్, ఎల్కతుర్తి ప్రాంతాల్లో యాసంగి వచ్చిందంటే కొన్ని పొలాలు మిగతా వాటికి భిన్నంగా కనిపిస్తాయి. రెండు సాళ్లు ఎత్తుగా, వాటి పక్కన ఆరో ఎనిమిదో సాళ్లు కాస్త పొట్టిగా, మళ్లీ రెండు ఎత్తుగా, మడి చివరిదాకా ఇదే వరుస సాగుతుంది. ఇవి తిండికోసం వేసిన పొలాలు కావు, సంకర (హైబ్రిడ్) వరి విత్తనం కోసం వేసినవి. దేశంలో తయారయ్యే ఈ విత్తనంలో అధిక భాగం పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచే వెళ్తుంది. ఎత్తు సాళ్లు మగవి, పొట్టివి ఆడవి కనుక మా వైపు దీన్ని ఆడ మగ వరి అంటారు. కంపెనీల ధరల గురించీ, బకాయిల గురించీ మాట్లాడుకున్నంతగా ఆ మడిలో జరిగే వృక్షశాస్త్రం గురించి మనం మాట్లాడుకోము. నాకు మాత్రం అసలు విశేషం అక్కడే ఉందనిపిస్తుంది.

వరి తనంతట తాను పరాయి పుప్పొడిని కోరుకునే మొక్క కాదు. ప్రతి వరి పువ్వులోనూ పుప్పొడినిచ్చే ఆరు కేసరాలు, ఒక అండాశయం, దాని మీద పుప్పొడిని అందుకునే ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు ఉంటాయి. తరువాత ఊకగా మారే రెండు పెంకులు వీటన్నిటినీ మూసి ఉంచుతాయి. ఎండ కాస్త ముదిరాక, పువ్వు అడుగున ఉన్న రెండు చిన్న పొలుసులు నీరు పీల్చుకుని ఉబ్బి ఆ పెంకులను విడదీస్తాయి. సరిగ్గా ఆ సమయానికే కేసరాల కొసనున్న పుప్పొడి సంచులు, అంటే పరాగకోశాలు, పగిలి పుప్పొడి సొంత కీలాగ్రం మీద రాలిపోతుంది. గంటసేపటికి పెంకులు మళ్లీ మూసుకుంటాయి. బయటి పుప్పొడికి దొరికే అవకాశం చాలా తక్కువ. అందుకే మామూలు వరిలో రైతు దాచుకున్న విత్తనం ఏళ్ల తరబడి అదే రకంగా నిలుస్తుంది.

ఇలాంటి మొక్కతో సంకరం చేయించాలంటే ముందు దాని సొంత పుప్పొడిని లేకుండా చేయాలి. లక్షల పువ్వుల నుంచి కేసరాలను చేత్తో తీయడం సాధ్యం కాదు. 1970లో చైనాలోని హైనాన్ ద్వీపంలో వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి కట్టని ఒక అడవి వరి మొక్క దొరకడంతో దారి తెరుచుకుంది. ఆ లోపం కణకేంద్రకంలో కాక, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచే సంక్రమిస్తుంది కనుక ఆ మొక్కకు పుట్టిన సంతానానికి కూడా లోపం వెంట వస్తుంది. మన మడిలోని ఆడ సాళ్లు ఈ తరహావే. వాటి పువ్వుల్లోనూ పరాగకోశాలు ఉంటాయి, కానీ పాలిపోయి, ముడుచుకుపోయి, పనికొచ్చే పుప్పొడి లేకుండా ఉంటాయి. మగ సాళ్ల కేంద్రకంలో ఆ లోపాన్ని సరిదిద్దే జన్యువులుంటాయి. ఆ జన్యువుల వల్లనే సంకర విత్తనం కొన్న రైతు పొలంలో కంకులు నిండుతాయి.

ఇక మిగిలింది మగ సాలు పుప్పొడిని ఆడ సాలుకు చేర్చడం. చెప్పినంత సులువు కాదిది. వరి పుప్పొడికి ఆయుష్షు దాదాపు ఐదు నిమిషాలే. రెండు రకాలూ ఒకే రోజుల్లో పూతకు రావాలి కనుక మగ నారును విడతలుగా పోస్తారు. ఆడ మొక్కకు మరో ఇబ్బంది ఉంది: దాని కంకి పోటాకు (కంకి కింది చివరి ఆకు) తొడిమ నుంచి పూర్తిగా బయటికి రాదు, కింది పువ్వులు లోపలే ఉండిపోతాయి. అందుకోసం మొక్కను సాగదీసే జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌లో కరిగించి, నీటిలో కలిపి పిచికారీ చేస్తారు. దానితో కాండం సాగి కంకి పైకి లేస్తుంది. ఈ పదార్థం గురించి తెలిసింది కూడా వరి వల్లనే. వరి పైరు అసహజంగా ఏపుగా పెరిగి పడిపోయే తెగులుకు అందులోని శిలీంధ్రం విడుదల చేసే పదార్థమే కారణమని 1926లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఎయిచి కురొసావా చూపించాడు. ఒక చోట తెగులు తెచ్చినదే మరో చోట విత్తనం కట్టించడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

పూత మొదలయ్యాక ఉదయం తొమ్మిదిన్నర, పది గంటల నుంచి మధ్యాహ్నం దాకా తాడు గుంజుడు ఉంటుంది. సాళ్ల వెంట తాడు పట్టుకుని ఇద్దరు మడికి ఇరువైపులా నడుస్తారు. తాడు మగ కంకులను తాకి పోతుంటే పుప్పొడి పొగలా లేచి ఆడ సాళ్ల మీద పడుతుంది. అరగంటకోసారి చొప్పున రోజుకు మూడు నాలుగు విడతలు, పూత అయ్యేదాకా ఇదే పని. గాలి, తేనెటీగ, పక్షి మరే మొక్కకైనా చేసే పనిని ఇక్కడ ఎండలో నిలబడి కూలీలు చేస్తున్నారు. యాసంగిని ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే, వాన తడిసిన పుప్పొడి ఎగరదు. దయ చూపే విషయం ఒకటుంది: పుప్పొడి అందని ఆడ పువ్వు మామూలు పువ్వు కంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది.

కీలాగ్రం మీద పడిన రేణువు నిమిషాల్లోనే మొలకెత్తి, నాళాన్ని అండాశయంలోకి పంపుతుంది. అందులో వచ్చే రెండు పురుష కణాల్లో ఒకటి అండంతో కలిసి పిండం అవుతుంది. రెండవది మరో రెండు కేంద్రకాలతో కలిసి పిండానికి ఆహారమయ్యే అంకురచ్ఛదాన్ని ఏర్పరుస్తుంది. పూల మొక్కల్లోని ఈ ద్విఫలదీకరణను 1898లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు సెర్గీ నవాషిన్ కనుగొన్నాడు. పిండంలో 24 క్రోమోజోములుంటే అంకురచ్ఛదంలో 36 ఉంటాయి, వాటిలో 24 తల్లివి, 12 తండ్రివి. పాలిష్ పట్టిన బియ్యంలో మన కంచంలోకి వచ్చేది దాదాపుగా ఈ 36 క్రోమోజోముల అంకురచ్ఛదమే.

కోతకు ముందుగా మగ సాళ్లు కోసి పక్కకు తీస్తారు, రెండు గింజలు కలిస్తే విత్తనమంతా పాడవుతుంది. పక్క పొలం పుప్పొడి సోకినా అంతే, అందుకే చుట్టూ వంద మీటర్ల దాకా వేరే వరి ఉండకూడదంటారు. మా ఊళ్లలోని చిన్న కమతాల మధ్య ఆ దూరం పాటించాలంటే ఇరుగుపొరుగు రైతులంతా ఒక మాట మీదికి రావాల్సిందే. ఆడ సాళ్ల గింజలను కంపెనీ తీసుకుపోయి నమూనాను మళ్లీ నాటి, పెరిగిన మొక్కలను చూసి స్వచ్ఛత తేలుస్తుంది. ఆ ఫలితం వచ్చేదాకా చాలామంది రైతులకు పూర్తి డబ్బు అందదు. ఇక సంకర విత్తనం కొని పంట పండించిన రైతు ఆ గింజనే మళ్లీ విత్తుకుందామంటే, ఆ తరువాతి తరంలో లక్షణాలు విడిపోయి ఎత్తు, పూత, కంకి అన్నీ రకరకాలుగా వస్తాయి, కొన్ని మొక్కలకు పుప్పొడే ఉండదు. ఒప్పంద పత్రంలో పరీక్ష గడువునూ, చెల్లింపు తేదీనీ రాతపూర్వకంగా పెట్టించుకోవడం రైతు హక్కు కావాలని నేను అంటాను, ఎందుకంటే పువ్వు తెరుచుకునే గంట ఎప్పుడో తెలిసి ఎండలో తాడు పట్టుకున్నది అతని ఇంటివాళ్లే.