రక్తం ఇచ్చేదాకా మాత్ర జేబులోనే

ఉదయం 8 గంటలకు ఫోన్‌లో అలారం మోగింది. ఆపేశాను గానీ మాత్ర వేసుకోలేదు. ఇవాళ టెస్టుల రోజు. మార్పిడి చేసిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే మందు టాక్రోలిమస్. రాత్రి 8 గంటలకు ఒకటి, మళ్లీ పొద్దున 8 గంటలకు ఒకటి. ఆ 12 గంటల చివర్లో ఒంట్లో మందు ఎంత మిగిలిందో చూస్తారు కాబట్టి రక్తం ఇచ్చేదాకా పొద్దుటి మాత్ర మింగకూడదు. ఒకసారి అలవాటుకొద్దీ మింగేసి వెళ్లాను. లెవెల్ ఎక్కువ వచ్చింది, డోసు తగ్గించబోయారు, అప్పుడు నాలిక కరుచుకుని అసలు సంగతి చెప్పాను. అప్పటి నుంచి ఈ రోజున మాత్రను చిన్న డబ్బాలో వేసి చొక్కా జేబులో పెట్టుకుంటున్నాను.

ల్యాబ్‌లో కొత్త అమ్మాయి. ఎడమ చెయ్యి పట్టుకోబోతే, "అది వద్దమ్మా, ఫిస్టులా ఉంది" అన్నాను. "ఇంకా డయాలసిస్ జరుగుతోందా అండీ?" అని అడిగింది. లేదు, కిడ్నీ మార్చి ఆరేళ్లయింది. ఫిస్టులా మాత్రం ఉండిపోయింది. డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపి కుట్టిన చోట వేలు పెడితే లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు సన్నగా అదురుతుంది. డయాలసిస్ రోజుల్లో నిద్ర లేవగానే ముందు ఆ అదురు ఉందో లేదో చూసుకునేవాణ్ణి. ఇప్పటికీ ఏమీ తోచనప్పుడు వేలు అక్కడికే పోతుంది. ఆ అమ్మాయిని కూడా ముట్టుకుని చూడమన్నాను. ఉలిక్కిపడి చెయ్యి తీసేసి నవ్వింది.

రిపోర్టు సాయంత్రం వచ్చింది. రక్తంలో కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, 1.3, ఎప్పటిలాగే. హమ్మయ్య అనుకుంటూ కిందికి చూస్తే యూరిన్ ఆల్బుమిన్, అంటే మూత్రంలో పోయే ప్రొటీన్ లెక్క 64. పోయినసారి 22. 30 లోపు ఉండాలి. మా కిడ్నీ పేషెంట్లందరికీ క్రియాటినిన్ ఒక్కటే పరీక్ష మార్కుల్లాంటిది, అది బాగుంటే పాసైనట్టే. కానీ షుగర్ వల్ల వచ్చే తేడా చాలామందిలో ముందు మూత్రంలో కనబడుతుంది. కిడ్నీలోని జల్లెడ పాడై ప్రొటీన్ జారిపోతున్నా క్రియాటినిన్ కొన్నేళ్లు మామూలుగానే ఉండొచ్చు. నా సొంత కిడ్నీల కథా ఇలాగే మొదలైంది. అప్పుడు నాకు 34. "కొంచెం ప్రొటీన్ పోతోంది" అంటే, పోతే పోయిందిలే, కొంచెమే కదా అనుకున్నాను.

డాక్టరుగారు కంగారుపడలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, జ్వరం వచ్చినా, ముందురోజు ఒళ్లు అలిసేలా వ్యాయామం చేసినా ఈ అంకె పెరుగుతుందట, మళ్లీ చూద్దామన్నారు. తర్వాత రిపోర్టు వెనక్కి తిప్పి ఒక బొమ్మ గీశారు. వడపోత జరిగే చిన్న ఉండ, దానిలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం ఒకటి, బయటికి తీసుకెళ్లేది ఇంకొకటి. షుగర్ ఈ రెండు నాళాల గోడలనూ గట్టిపరుస్తుంది. టాక్రోలిమస్ ఏళ్ల తరబడి వాడితే ముఖ్యంగా లోపలికి తెచ్చేదాన్ని ఇరుకు చేస్తుంది. పైగా అదే మందు ఇన్సులిన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది, దాంతోపాటు వేసుకునే స్టెరాయిడ్ ఏమో ఉన్న ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అలాగని మానేస్తే నా ఒళ్లే ఈ కిడ్నీని పరాయిదని పాడుచేసేస్తుంది. నాకిది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఎవరి మీద కోప్పడాలో మాత్రం తెలియదు.

ఆపరేషన్ అయిన వారానికి సర్జన్ చెప్పిన మాట గుర్తొచ్చింది. కొత్త కిడ్నీని పొత్తికడుపులో కుడివైపు పెట్టి, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళానికి కలుపుతారు. నా నాళం సున్నం పట్టిన గొట్టంలా బిరుసెక్కి ఉందట. కుట్టడానికి మెత్తగా ఉన్న చోటు కోసం చాలాసేపు వెతుక్కోవాల్సి వచ్చిందన్నారు. కిడ్నీ కొత్తదే, దానికి రక్తం మోసేవన్నీ నా పాత గొట్టాలే. పాత కిడ్నీలు రెండూ తీయలేదు, వెనకాల ముడుచుకుపోయి ఉన్నాయి. లెక్కకు మూడు, పనిచేసేది ఒకటి.

"సాయంత్రం షుగర్ ఎంత ఉంటోంది?" అని అడిగారు. అక్కడ దొరికిపోయాను. పొద్దున స్టెరాయిడ్ వేసుకుంటే షుగర్ ఎగిరేది మధ్యాహ్నం నుంచి. నేను చూసుకునేది పరగడుపున మాత్రమే. ఎందుకంటే అది 110 వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 8.1 శాతం అని కాగితం మీద ఉండగా ఇంకేం చెప్పను?

ఇంటికొచ్చేసరికి తమ్ముడి ఫోన్. ప్రతి టెస్టుల రోజూ వాడిది ఒకటే ప్రశ్న.

"అన్నయ్యా, నా కిడ్నీ ఎలా ఉంది?"

"బాగానే ఉందిరా. కాస్త ప్రొటీన్ పోతోందట."

"ఏం చేశావు దాన్ని?" నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

"సరేగానీ, నీ దగ్గరున్న దాని సంగతేంటి? ఎప్పుడు చూపించుకున్నావు?"

అవతల కాసేపు మాట లేదు. "పోయినేడు... కాదు, అంతకు ముందేడు."

ఇచ్చినప్పుడు వాడికి 41, షుగర్ లేదు, బీపీ లేదు. నాన్నకు షుగర్, నాకు షుగర్. వాడికిప్పుడు 47, ఉన్నది ఒక్క కిడ్నీ. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, యూరిన్, షుగర్ చూపించుకోవాలని అప్పుడే చెప్పి పంపారు. ఆరేళ్లుగా నా రిపోర్టులన్నీ వాడు చదివాడు, వాడివి నేను ఒక్కసారీ అడగలేదు. అది గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

"ఎల్లుండి వెళ్తాలే."

"రేపు వెళ్లు. యూరిన్ కూడా ఇవ్వు. క్రియాటినిన్ ఒక్కటే చేయించుకుని వచ్చేయకు."

"సరే. నువ్వు సాయంత్రం షుగర్ చూసుకుంటున్నావా?"

వాళ్ల వదిన, అంటే మా ఆవిడ, చెప్పేసి ఉంటుంది. ఫోన్ పెట్టేసి మీటరు తీశాను. 231. నోటుబుక్కులో సాయంత్రం గడిలో రాశాను. దానిపైన పేజీ మొదటి వరకూ ఆ వరసంతా ఖాళీ. ఇంతలో 8 గంటల అలారం మోగింది.