గొంతును వదిలేసి డ్రమ్స్ పట్టుకోండి

స్క్రీమో, అంటే హార్డ్‌కోర్ పంక్‌లోంచి పుట్టిన అరుపుల సంగీతం, కొత్తగా వినేవాళ్లంతా ముందు గొంతు మీదే పడతారు. ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు, రెండో పాటకల్లా ఆపేస్తారు. మొదటి విడత గొంతును పట్టించుకోకండి, డ్రమ్స్ వెంట వెళ్లండి. స్నేర్ (టపటపా పదునుగా మోగే డ్రమ్) గుక్క తిప్పుకోకుండా మోగి, ఉన్నట్టుండి సగం వేగానికి దిగే చోటు ఒకటుంటుంది. పాట మలుపు తిరిగేది అక్కడే. రెండో విడత బేస్, ఆ తర్వాత గిటార్లు. పైనుంచి కింద దాకా మూడుసార్లు విన్నా గంట పట్టదు: ఓర్కిడ్ బ్యాండ్ వాళ్ల ఆల్బమ్ 'కేయాస్ ఈజ్ మీ' (1999) మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా లేదు.

గిటార్ రొదలో ఏడుపులాంటి రాగం ఎక్కడిదంటే, చాలావరకు ఆక్టేవ్‌లది, అంటే ఒకే స్వరాన్ని కింది స్థాయిలో, పై స్థాయిలో కలిపి వాయించడం. చూపుడు వేలు ఐదో తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గర, ఉంగరపు వేలు మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర. మధ్యలోని నాలుగో తీగ మోగకుండా చూపుడు వేలి కొసతో ఆపి, మొత్తం కలిపి గీకేస్తారు. ఒకే స్వరం రెండు స్థాయిల్లో పలుకుతుంది కాబట్టి ఎంత డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) వేసినా స్పష్టంగా ఉంటుంది. అదే నిండు కార్డ్ వాయిస్తే స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని బురదైపోతాయి.

గొంతు లోపలికి కూరుకుపోయినట్టు ఉండటానికీ కారణముంది. అరుపూ డిస్టార్షన్ గిటారూ బలంగా ఉండే ఫ్రీక్వెన్సీలు దాదాపు ఒకటే, ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. పీజీ.99 బ్యాండ్ వాళ్ల ఆల్బమ్ 'డాక్యుమెంట్ #8' (2001) చూడండి: ఇద్దరు గాయకులు, మూడు గిటార్లు, రెండు బేస్‌లు, ఒక డ్రమ్మర్. అందరికీ చోటెక్కడ? ఈక్వలైజర్‌లో బేస్ పెంచి వింటే ఇంకా దారుణం. అన్నీ సున్నా దగ్గర పెట్టండి. ఆ తర్వాత లిరిక్స్ ముందేసుకుని వింటే అదే అరుపులో మాటలు దొరుకుతాయి. ఇటలీ వాళ్లైన లా క్వియెతే, జపాన్ వాళ్లైన ఎన్వీ విషయంలోనైతే అనువాదం ముందే చదువుకోవడం మేలు.

ప్లేయర్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదట్లో కలిపేసే సెట్టింగ్) రెండూ తీసేయండి. పాటకూ పాటకూ మధ్య ఫీడ్‌బ్యాక్ (యాంప్ ముందు గిటార్ చేసే కీచు హోరు) సాగుతుంటే క్రాస్‌ఫేడ్ దాన్ని నరికేస్తుంది. ఒక్కో పాట శబ్దాన్ని విడిగా సమం చేసే సెట్టింగ్ కూడా వద్దు, మెల్లగా ఉండాల్సిన పాటను పైకి లేపి పెడుతుంది. సింబల్స్ నీళ్లలో మోగినట్టు సుడులు తిరిగితే తప్పు బ్యాండ్‌ది కాదు, ఫైల్‌ది. 128 కేబీపీఎస్ ఎంపీ3ల్లో ఇది మామూలే. వినైల్ అయితే వేగం చూసుకోండి. నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డును 33లో తిప్పితే శ్రుతి ఐదు సెమీటోన్లకు పైగా దిగిపోతుంది. ఈ సంగీతంలో తమాషా ఏంటంటే, అప్పుడు కూడా అదేదో డూమ్ (బరువుగా, నెమ్మదిగా సాగే మెటల్) బ్యాండ్‌లా బాగానే ఉంటుంది, అందుకే చాలాసేపు అనుమానం రాదు.

శాన్ డియేగోలో గ్రావిటీ రికార్డ్స్ అనే లేబుల్ 1990ల మొదట్లో తెచ్చిన హెరోయిన్, యాంటియోక్ యారో లాంటి బ్యాండ్ల రికార్డులు చరిత్రకు ముఖ్యమే, కానీ మొదలుపెట్టడానికి పనికిరావు, మరీ పచ్చిగా ఉంటాయి. సిటీ ఆఫ్ క్యాటర్‌పిల్లర్ బ్యాండ్ వాళ్ల 2002 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. అందులో నెమ్మది భాగాలు నిమిషాల తరబడి సాగుతాయి, కాబట్టి పేలుడు ఎటునుంచి వస్తుందో చెవికి ముందే తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక: ఆ నెమ్మది భాగం వినబడటం లేదని వాల్యూమ్ పెంచకండి.