పోయాక ఇచ్చేదానికి సంతకం

మా ఇంటాయన మళ్లీ పునీత్ పేరెత్తారు, అదే, 2021లో గుండెపోటుతో పోయిన కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్. పెద్దోడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, జిమ్‌లో కొత్త ట్రైనర్ వచ్చాడు, పొద్దున్నే పోతున్నా అని చెప్తుంటే నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "ఆ జిమ్ము ఎందుకురా నీకు? పునీత్‌ను చూసినావు కదా. అంత బాడీ పెంచినోడే పోయినాడు" అన్నారు. వాడు "సరే నాయనా" అని పెట్టేశాడు. వాడి "సరే" సంగతి మీకు తెలిసిందే. ఈయన అన్నం తిని పడుకున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ మాట ఒక్క మా ఇంట్లోదైతే ఇంత మంట ఉండేది కాదు. స్టాఫ్ రూములో ఇదే, పెళ్లి పంక్తిలో ఇదే, ధర్మవరం బస్సులోనూ ఇదే. నడవడానికి ఒళ్లు వంగనివాళ్లు జిమ్ వల్ల అంటారు. కరోనా టీకా వద్దనుకున్నవాళ్లు టీకా వల్ల అంటారు. హిందీ టీవీ నటుడు సిద్ధార్థ్ శుక్లా 2021 సెప్టెంబరు 2న, 40 ఏళ్లకు పోయాడు. రెండు నెలలు తిరగకముందే అక్టోబరు 29న పునీత్, 46 ఏళ్లకు. ఇద్దరూ కండలు తిరిగిన మనుషులే కాబట్టి ఇక తీర్పు అయిపోయింది. ఎవరికి ఏది చేయడం ఇష్టం లేదో దాన్ని తీసుకుపోయి ఆ చచ్చిపోయిన పిల్లవాడి మీద పెడుతున్నారు. నాకు అదే కడుపు మంట.

పునీత్ ఇంట్లో ఏముందో ఎవరూ మాట్లాడరు. తండ్రి రాజ్‌కుమార్ 2006 ఏప్రిల్ 12న ఇంట్లోనే గుండె ఆగి పోయారు. అన్న శివరాజ్‌కుమార్‌కు 2015లో గుండెపోటు వచ్చి తట్టుకున్నాడు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే మనం ముందే చూపించుకోవాలని డాక్టర్లు చెప్తారు. వాళ్లన్నకు ఆ వయసు దాటకముందే వచ్చింది. పునీత్ ఆ రోజు వ్యాయామం చేశాడు, ఒంట్లో నలతగా ఉందని భార్యతో కలిసి తమ డాక్టరు దగ్గరికి పోయాడు, ఈసీజీ తీశారు, పెద్దాసుపత్రికి పంపారు, అంతే. ఇందులోంచి మా ఇంటాయనకు జిమ్ ఒక్కటే కనిపించింది.

ఆ రోజు మేం బెంగళూరు చిక్కపేట బజారులో ఉన్నాం. అప్పట్లో రాశానో లేదో గుర్తు లేదు. దీపావళి బట్టలకని తెల్లవారుజామున అనంతపురంలో బస్సెక్కి పోయాం. శుక్రవారం. అక్క కూతురి పెళ్లి కూడా దగ్గర్లో ఉందని నేను చీరలు తీయిస్తూనే ఉన్నా. షాపు పెద్దాయన ఒక్కో చీరా ఓపిగ్గా విప్పి, పల్లూ చూపించి, మళ్లీ మడత పెడుతున్నాడు. ఆయన ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి, చేతిలో ఉన్న చీర మడత పెట్టకుండా అట్లే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల్నుంచి కుర్రాడొకడు వచ్చి ఏమయిందని అడిగితే "అప్పు హోగ్బిట్రంతె" అన్నాడు, అప్పు పోయాడంట అని. పునీత్‌ను అక్కడ అందరూ అప్పు అనే అంటారు. కుర్రాడికి అర్థం కాలేదు. "యారు?" (ఎవరు?) అన్నాడు. "నమ్మ అప్పు కణో", మన అప్పురా, అని పెద్దాయన ఏడ్చాడు. అరవై దాటిన మనిషి, మా ముందరే, తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత అన్నీ తొందరగా జరిగాయి. వీధి పొడుగునా షట్టర్లు దించుతున్న చప్పుడు. రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరులో జరిగిన గొడవలు, ప్రాణాలు పోవడం వాళ్లెవరూ మర్చిపోలేదు. మమ్మల్ని కూడా తొందరగా ఊరికి వెళ్లిపొమ్మన్నారు. పెద్దాయన మాత్రం ఆ ఏడుపులోనే మా చీరలకు బిల్లు రాసి, సంచిలో పెట్టి, పాప చేతికి ఇచ్చాడు. మెజెస్టిక్ బస్టాండుకు పోయేసరికి జనమంతా ఎదురు వస్తున్నారు. చూపు కోసం పునీత్‌ను కంఠీరవ స్టేడియంకు తెస్తారని అప్పటికే తెలిసిపోయినట్టుంది. బైకుల మీద ముగ్గురు ముగ్గురు, ఎవరి నోటా మాట లేదు. హిందూపురం, మడకశిర వైపువాళ్లు చాలామంది మా బస్సులో ఉన్నారు. వాళ్లకు ఆయన సొంత పిల్లవాడి కిందే లెక్క. ఆ ఏడాదే ఆయన సినిమా 'యువరత్న' తెలుగులో కూడా వచ్చింది కదా, దాని గురించి ఒకాయన వెనక సీటులో మెల్లగా చెప్తూ పోయాడు.

ఈయన షాపులోనే ఒక మాట అడిగారు. "వయసెంత?" అని. ఎవరో చెప్పారు. ఈయనకూ అప్పుడు అంతే. ఇద్దరూ 1975లోనే పుట్టారు. చిక్కబళ్లాపురంలో టీకి ఆగితే బస్సు దిగలేదు. బాగేపల్లి దాటింది, కొడికొండ చెక్‌పోస్టు దాటింది, పెనుకొండ వచ్చింది, ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. నేను చీరల ధరల గురించి ఏదో అంటే "ఊఁ" అన్నారు.

లాక్‌డౌన్ అయ్యాక సాయినగర్‌లో జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి ఉన్నారు. మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున నడక కూడా మానేశారు. ఫీజు పోతే పోనీ. ఇంకొకటి చేశారు చూడండి, నాకు ఈ రాత్రి నిద్ర లేకుండా చేస్తున్నది అదే. పునీత్ కళ్లు దానం చేశారు, తండ్రి లాగే. ఆ రెండు కళ్లతో నలుగురికి చూపు తెప్పించారు బెంగళూరు డాక్టర్లు. అది టీవీలో చూసి, కర్ణాటకలో జనం వరస కట్టి నేత్రదానానికి పేర్లు రాయిస్తుంటే, ఈయన కూడా ఫారం తెచ్చుకుని సంతకం పెట్టారు. నా చేత సాక్షి సంతకం పెట్టించారు. చాలా మంచి పని, కాదనను. కానీ పోయాక ఇచ్చేదానికి అంత తొందరగా సంతకం పెట్టిన మనిషి, ఉన్నప్పుడు ఒక్క రక్త పరీక్షకు రమ్మంటే ఇన్నేళ్లుగా "చూద్దాంలే" అంటారు. ఆ కాగితం బీరువాలో పాలసీలతో పాటు భద్రంగా ఉంది. కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ రిపోర్టు ఒక్కటీ లేదు.

సాయంత్రం ఒక మంచి సంగతి జరిగింది. వెనక సందులో సరస్వతి కూతురు లేదూ, ఇంజనీరింగ్ సీటొచ్చిందని ఓళిగలు తెచ్చింది. పుట్టినప్పుడు గుండెలో రంధ్రం ఉందని చెప్తే పుట్టపర్తి ఆసుపత్రిలో పైసా తీసుకోకుండా ఆపరేషన్ చేసి పంపారు. ఇప్పుడు నాకంటే పొడుగయింది. వేడి వేడి ఓళిగ మీద నెయ్యి వేసుకుని తిన్నాం.

ఆ పిల్లను చూసినప్పుడల్లా నాకు పాత హిందీ సినిమాల హీరోయిన్ మధుబాల గుర్తొస్తుంది. ఆమెది కూడా గుండెలో రంధ్రమే. లండన్ దాకా పోయినా అప్పటి డాక్టర్లు ఆపరేషన్ చేయలేమన్నారు. చివరి ఏళ్లు మంచంలోనే గడిచి 1969 ఫిబ్రవరి 23న పోయింది, 36 ఏళ్లు. దేశమంతా ఆమె ముఖం చూసి మురిసిపోయింది, ఆమెకు డబ్బుంది, అయినా వైద్యం లేదు. మా సందులో ఇడ్లీలు అమ్ముకునే సరస్వతి కూతురికి వైద్యం గంటన్నర దూరంలో దొరికింది, 1991 నుంచీ ఆ ఆసుపత్రి అక్కడే ఉంది.

హిందీ నటుడు సంజీవ్ కుమార్ సంగతి ఇంకా కష్టంగా ఉంటుంది నాకు. వాళ్ల ఇంట్లో మగవాళ్లు యాభై దాటరని ఆయనకు తెలుసు. తెలిసీ బతికాడు. అమెరికా పోయి బైపాస్ చేయించుకున్నాడు. 1985 నవంబరు 6న, 47 ఏళ్లకు పోయాడు. తెర మీద అన్ని ముసలి వేషాలు అంత బాగా వేసిన మనిషికి ముసలితనమే రాలేదు. మరుసటి ఏడాది, 1986లో, ఫ్రాన్సులో మొదటిసారి మనిషి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు, నాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే చిన్న జాలి గొట్టం. ఒక్క ఏడాది! ఇప్పుడు మా అనంతపురంలోనే స్టెంట్లు వేస్తున్నారు. వాళ్లకు అందనివన్నీ మన గుమ్మం దాకా వచ్చి ఉంటే, కాళ్లు కదపకుండా పునీత్ పేరు చెప్పి కూర్చోవడం ఏం న్యాయం అని, ఈయన లేస్తే ఇదంతా వరసగా అడగాలని ఇక్కడిదాకా టైప్ చేశాను.

కానీ ఇది రాస్తుంటేనే ఇంకో మాట అడ్డం వస్తోంది. పునీత్‌కు మాత్రం ఏం తక్కువైంది? బెంగళూరు నడిబొడ్డు, తెలిసిన డాక్టరు, నిమిషాల్లో ఈసీజీ. ఏదీ అందలేదని చెప్పడానికి లేదు. అన్నీ ఉన్నా మనిషి నిలవలేదు. ఈయన ఆ రోజు బస్సు కిటికీలో చూసింది అదేనేమో. జిమ్ అనేది పైకి చెప్పే మాట. లోపల ఉన్నది మా మామ.

నాకు పెళ్లయ్యేనాటికే మా మామ ఫోటోలో ఉన్నారు. 52 ఏళ్లకు పోయారు. ఈయన అప్పుడు డిగ్రీ చదువుతున్నారు. కళ్యాణదుర్గం దగ్గర ఊరు, చెనక్కాయలు మార్కెట్‌కు వేసి సాయంత్రం ఇంటికి వచ్చి, ఛాతీలో మంటగా ఉంది, గ్యాస్ పట్టింది అన్నారట. సోడా తాగారు. అత్త వాము నీళ్లు కాచి ఇచ్చింది, వీపు రాసింది. తెల్లవారి లేవలేదు. "సోడా తాగితే తగ్గుతాదనుకుంటిమి" అని అత్త ఇప్పటికీ అంటుంది, ఎవరూ అడక్కుండానే. పదకొండో రోజు ఘంటసాల భగవద్గీత క్యాసెట్ పెట్టారట. మన ఊళ్లలో ఏ ఇంట్లో చావు జరిగినా ఆ గొంతే కదా. ఆ ఘంటసాల కూడా 1974 ఫిబ్రవరి 11న గుండె జబ్బుతోనే పోయారు, 51 ఏళ్లకు. భగవద్గీత వినిపిస్తే ఈయన లేచి బయటికి పోతారు. భక్తి లేదని అత్త తిట్టేది మొదట్లో. ఇప్పుడు తిట్టడం మానేసింది.

2023లో హీరో తారకరత్న కుప్పంలో కూలిపోయి, మూడు వారాలు బెంగళూరు ఆసుపత్రిలో ఉండి, శివరాత్రి రోజు పోయినప్పుడు కూడా ఈయన ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదు. ఇంకో నాలుగు రోజులుంటే ఆ అబ్బాయికి నలభై నిండేవి. జాగారం చేస్తూ అత్త "ఆ తల్లి ఎట్ల తట్టుకుంటాదో" అంటుంటే ఈయన మిద్దె మీదికి పోయి పడుకున్నారు. నిర్లక్ష్యమున్న మనిషి ఇట్లా చేయడు. భయపడిన మనిషే చేస్తాడు. రిపోర్టు వస్తే మామ వయసు తనకూ రాసి పెట్టి ఉందని తెలిసిపోతుందని భయం. అది తెలుసుకున్నాక కోపం తగ్గాలి. సగమే తగ్గింది.

సగమే ఎందుకంటే, అసలు సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. పొద్దున చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో గ్యాస్ మాత్రల పట్టీ ఉంది. సగం పైగా వాడేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. అడిగితే "మధ్యాహ్నం బజ్జీలు పడలేదు, అంతే" అన్నారు. గాయకుడు కెకె కోల్‌కతాలో పోయినప్పుడు, 2022 మే 31న, పాపం 53 ఏళ్లు, 'ఆర్య'లో పాడిన గొంతు, ముందు నుంచీ గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నాడని పేపర్లో చదివి నేను ఈయనకు వినిపించాను కూడా. స్టేజీ మీద చెమటలు తుడుచుకుంటూ ఆఖరి పాట దాకా పాడి వెళ్లాడు. ఆ వీడియో మా పాప ఫోన్లో ఇప్పటికీ తిరుగుతూ వస్తుంది, కింద ఏడుపు మ్యూజిక్ పెట్టి. మనిషి నొప్పితో నడిచిపోతుంటే దానికి సంగీతం కలిపి, లైకులు అడిగేవాళ్లను ఏమనాలి? దాన్ని చూపించేబదులు, ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, దవడ నొప్పి, ఊరికే చెమటలు, ఇవి గ్యాస్ కాకపోవచ్చు, 108కు ఫోన్ చేయండి అని ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది?

ఈయనది నిజంగా బజ్జీల మంటే అయి ఉండవచ్చు. అయితే మంచిదే. కానీ అది డాక్టరు చెప్పాలి, ఈయన కాదు, నేనూ కాదు. శనివారం పెద్దోడు వచ్చాక ఇద్దరినీ కలిపి తీసుకుపోదామని సాయంత్రం దాకా అనుకున్నాను. అన్ని రోజులు ఆగేది లేదు. రేపు స్కూలుకు సెలవు పెడుతున్నా. పరగడుపున రక్తం ఇచ్చి, అక్కడి నుంచి నేరుగా ఈసీజీకి, ఎకో అని గుండెకు స్కాన్ తీయాలన్నా ట్రెడ్‌మిల్ మీద నడిపించాలన్నా అవి కూడా రేపే. భయపడొద్దని చెప్పను, ఆ భయానికి కారణం ఉంది. మీ నాయన సంగతి తెలిసింది కాబట్టి మీకు ముందే హెచ్చరిక అందింది, మీ సంగతి తెలిస్తే కదా మన పెద్దోడికి అందేది అని అడుగుతాను. వాడు జిమ్‌కు పోవాలో వద్దో, ఎంత బరువు ఎత్తాలో డాక్టరు వాడికి చెప్పాలంటే ముందు మీ రిపోర్టు కావాలి అంటాను. తనకోసమంటే ఈయన కదలరు. వాడికోసమంటే చెప్పులు వేసుకుంటారు.